మా జడ్పీ హైస్కూల్ రివ్యూ: అయిదుకి మూడున్నర, ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందంటే

"పిల్లల్ని గవర్నమెంటు బళ్ళో వేశావంట, ఎలగుంది గురూ" అని వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ మొదట్నుంచీ చెప్పలేక ఒకేసారి రాసి పడేస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటాది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఇవన్నీ నీకెలా తెలుసు అంటారు. విజయనగరం జిల్లాలో ఒక మండల కేంద్రం మాది, ఊరి పేరూ స్కూలు పేరూ రాయను, రేపు పొద్దున్న అదే గేటు ముందు నుంచి షాపుకెళ్ళాలి కదా. ఎంఈఓ (మండల విద్యాశాఖ అధికారి) ఆఫీసుకి ఎదురుగా నాది జిరాక్సు, డీటీపీ షాపు. రెండు సిస్టంలు, ఒక పెద్ద మిషను, ఒక లామినేషన్ మిషను, అంతే. కానీ మండలంలో టీచర్లందరి సరెండర్ లీవు (వాడుకోని సెలవులకి డబ్బులు తీసుకోవడం) కాగితాలు, మెడికల్ బిల్లులు, బదిలీ అప్లికేషన్లు, సంఘాల క్యాలెండర్ ప్రూఫులు, ధర్నా ఫ్లెక్సీల డిజైన్లు అన్నీ నా టేబుల్ మీద నుంచే వెళ్తాయి. పాప తొమ్మిదో క్లాసు, బాబు ఏడో క్లాసు. 2024 జూన్ దాకా ఇద్దరూ టౌన్లో ప్రైవేటే. ఫీజు, వ్యాను, డ్రెస్సు, బుక్సు అన్నీ కలిపి కట్టలేక ఇక్కడికి మార్చాం. గొప్పకి పోయి ఆదర్శం అని చెప్పను, డబ్బుల్లేకే.

బిల్డింగుకి వంక పెట్టేదేం లేదు. గవర్నమెంటు బళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకంలో వేసిన టైల్స్, ఆడపిల్లలకి గడియ పడే బాత్రూంలు, క్లాసులో ఆ పెద్ద టచ్ టీవీ అన్నీ ఉన్నాయి, ఆర్వో ప్లాంటు మాత్రం ఏడాదిలో నాలుగు నెలలు రిపేరే. భోజనం 2025 జూన్ నుంచి సన్నబియ్యంతో పెడుతున్నారు, మా వాడు ఇంట్లో కన్నా అక్కడే బాగా తింటున్నాడు. పుస్తకాలు, బూట్లు, బ్యాగు టైముకి వచ్చాయి, బ్యాగు జిప్పు దీపావళి దాకా ఆగింది, అదీ గొప్పే. బడికెళ్ళే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బు ఇద్దరికీ 13 వేల చొప్పున మా ఆవిడ ఖాతాలో పడింది, 15లో 2 వేలు స్కూలు మెయింటెనెన్సుకి పోతాయి. ఇంతవరకూ అయితే అయిదుకి అయిదు కళ్ళు మూసుకుని ఇచ్చేద్దును.

టీచర్ల దగ్గరికి వద్దాం. ప్రైవేట్లో మా పాపకి ఏడో క్లాసులో లెక్కలు చెప్పినావిడ డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న అమ్మాయి, ఇక్కడ ఎవర్ని తీసుకున్నా డీఎస్సీ (టీచరు ఉద్యోగాల పరీక్ష) కొట్టి వచ్చినవాళ్ళే, ఆ తేడా క్లాసులో తెలుస్తాది. తెలుగు మేడమ్ పద్యం పాడి చెప్తారు, బాబు స్నానం చేస్తూ కూడా అదే పాడుతున్నాడు. కానీ నేను ముఖ్యంగా చెప్పాల్సింది సోషల్ మేస్టారి గురించి.

ఒకరోజు పాప ఇంటికొచ్చి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఓటింగు పెట్టింది. క్లాసులో మేస్టారు బోర్డు మీద పులిహోర, కిచిడీ, వెజ్ బిర్యానీ, సాంబారన్నం అని రాసి ఒకటి రెండు మూడు నంబర్లు వేయమన్నారంట. పులిహోరకే ఎక్కువ మంది ఒకటి వేశారు, అయినా సగం దాటలేదు. ఆఖర్న ఉన్న సాంబారన్నాన్ని తీసేసి ఆ చీటీల్లో రెండో నంబరు ఎవరికుందో చూసి కలిపారు, తర్వాత కిచిడీ పోయింది, చివరికి బిర్యానీ గెలిచింది. ముందున్నోడే గెలవాలని లేదు నాన్నా, సగం దాటాలి అని ఆ పిల్ల నాకు చెప్పింది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, అన్ని ఎలక్షన్లకీ కరపత్రాలు కొట్టాను, ప్రాధాన్యత ఓటు అంటే ఏటో నాకు అర్థమైంది ఆ రోజే.

ఆ మేస్టారే మండలంలో ఒక ఉపాధ్యాయ సంఘానికి పెద్ద లీడరు. ఏ సంఘమో అడక్కండి, యూటీఎఫ్, ఎస్టీయూ, ఏపీటీఎఫ్, పీఆర్టీయూ అందరూ నా కస్టమర్లే. స్కూల్లో ఉన్న రోజు ఆయన్ని మించిన మేస్టారు లేరు, ఉన్న రోజు అనే మాట దగ్గరే తేడా వస్తాది. కార్యవర్గం మీటింగు, డీఈఓ (జిల్లా విద్యాశాఖ అధికారి) గారితో చర్చలు, జిల్లా మహాసభలు, ధర్నా. పాప సోషల్ నోట్సు తెరిచి చూస్తే 2025 జనవరి 31 తేదీతో ఒక పాఠం సగంలో ఆగింది, దాని కిందే మార్చి 5. మధ్యలో ఏమయ్యిందో గుర్తుంది కదా, ఫిబ్రవరి 27న టీచర్ ఎమ్మెల్సీ ఎలక్షను (టీచర్లే ఓటేసి శాసనమండలికి మనిషిని పంపేది, పాప చెప్పిన ప్రాధాన్యత ఓటుతోనే), మార్చి 3న కౌంటింగు. మేస్టారు రోజూ సెలవు పెట్టారని కాదు, వచ్చేవారు, అటెండెన్సు యాపులో మొహం చూపించేవారు, క్లాసుకొచ్చి చదువుకోండర్రా అని చెప్పి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఒక అర స్టారు అక్కడ తీసేశాను.

మిగతా ఒక స్టారు కథ లెక్కలది. 2024 నవంబరులో లెక్కల మేస్టారు రిటైరయ్యారు, 62 నిండాయి, ఆ తేదీ అందరికీ ఏడాది ముందు నుంచే తెలుసు. శాలువాలు కప్పాం, ఫ్లెక్సీ నేనే ఫ్రీగా కొట్టిచ్చాను. ఆ మర్నాటి నుంచి 8, 9, 10 క్లాసులకి లెక్కలు లేవు. సైన్సు మేడమే అప్పుడప్పుడు వచ్చి పదో క్లాసుకి నాలుగు లెక్కలు చేయించేవారు పాపం, మా పాపది ఎనిమిది, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

డిసెంబరు 7న మెగా పేరెంట్స్ మీటింగు పెట్టారు కదా రాష్ట్రమంతా, అదే రోజు బాపట్లలో ముఖ్యమంత్రీ లోకేషూ కూర్చున్నారు. మా దగ్గరా బ్రహ్మాండంగా చేశారు, ఆడవాళ్ళకి ముగ్గులు, మగవాళ్ళకి తాడులాగుడు, నేనూ లాగాను, రెండ్రోజులు నడుం పట్టేసింది. మైకు నా చేతికొచ్చినప్పుడు లెక్కల మేస్టారు ఎప్పుడొస్తారండీ అనడిగాను. హెడ్మాస్టారు, మంచాయన, పైకి రాశామండీ అన్నారు. సరే అని మేం కూడా రాశాం. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తరఫున, పక్క స్కూల్లో లెక్కలకి ఇద్దరున్నారు, ఒకర్ని వర్క్ అడ్జస్ట్‌మెంటు మీద, అంటే తాత్కాలికంగా, వారానికి మూడ్రోజులైనా మాకు పంపండి అని లెటరు. టైపు చేసింది నేనే. డిసెంబరులో ఒకటి, సంక్రాంతి తర్వాత ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి. నాలుగు లెటర్లకీ అందినట్టు స్టాంపు పడింది, మనిషి మాత్రం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో మా స్కూల్లో ఒక మేడమ్‌ని వర్క్ అడ్జస్ట్‌మెంటు మీద పదిహేను కిలోమీటర్ల అవతల ఊరికి వేశారు. బస్సు సరిగ్గా ఉండదు, ఆవిడకి చిన్న బాబు, కష్టమే, కాదన్ను. సోమవారం సాయంత్రం సంఘం వాళ్ళు నలుగురు షాపుకొచ్చి నించునే లెటరు చెప్పారు, నేను టైపు చేశాను, లెటర్‌హెడ్ మీద ప్రింటు తీశాను. శుక్రవారం మధ్యాహ్నానికి ఆర్డరు క్యాన్సిలు, ఆ ఆర్డరు కాపీ కూడా నా దగ్గరే జిరాక్సు తీయించారు, అయిదు కాపీలు. నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూశాను. రెండు లెటర్లూ ఒకే సిస్టంలో, ఒకే ఫాంటులో, ఒకే ఆఫీసుకి వెళ్ళాయి, ఒకటి నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది, రెండోది నాలుగు నెలలైనా లేదు. ఆ మేడమ్ మా స్కూల్లోనే ఉండిపోయారు కాబట్టి నాకు లాభమే అనుకోండి, కానీ ఆ అవతల ఊళ్ళో కూడా టీచరు వస్తారని ఎదురుచూసినవాడు నాలాంటోడు ఒకడు ఉండే ఉంటాడు.

ఎందుకిలా అని ఆలోచిస్తే లెక్క సింపులే, దీనికి లెక్కల మేస్టారు కూడా అక్కర్లేదు. మన ఎమ్మెల్యేకి రెండు లక్షలు అటూ ఇటూ ఓటర్లు, అందులో మనం ఒక చుక్క. శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్లవి అని రాజ్యాంగంలోనే రాసుంది, 171వ ఆర్టికల్. మన రాష్ట్రంలో 58కి 5. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, పాత మూడు జిల్లాలూ కలిపి ఒక్క సీటు, ఓటర్లు ఇరవై వేల చిల్లర. ఇరవై వేల మందిలో అయిదారు వందల ఓట్లు చేతిలో ఉన్న మనిషి ఫోను చేస్తే ఏ ఆఫీసరైనా ఎత్తుతాడు. 2013లో గాదె శ్రీనివాసులు నాయుడు, 2019లో రఘువర్మ, 2025లో మళ్ళీ గాదె, పార్టీలు ఎవరెవరికి మద్దతు చెప్పినా ఇక్కడ గెలిచింది సంఘాల మనుషులే.

ఆ ఓటులో కూడా ఒక తిరకాసుంది, చాలామంది పేరెంట్స్‌కి తెలీదు. హైస్కూలు, ఆ పైన చెప్పేవాళ్ళకే ఓటు, ఆరేళ్ళలో మూడేళ్ళు పనిచేసుండాలి. ప్రైమరీ స్కూల్లో చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) లకి లేదు. అంటే మన పిల్లలకి అఆలు దిద్దించే టీచరుకి ఆ ఎలక్షన్లో చోటే లేదు, మరి ఒకటో క్లాసు రెండో క్లాసు పిల్లల గురించి ఆ ఎలక్షన్లో మాట్లాడేదెవరు? ప్రైవేటు హైస్కూలు టీచర్లకి ఓటుంది. కానీ మా వీధిలో ఒకావిడ టౌన్లో ప్రైవేటులో ఎనిమిదేళ్ళుగా చెప్తోంది, 11 వేలు జీతం, ఓటు నమోదుకి ఫారం 19 నింపడానికి నా దగ్గరికే వచ్చింది, తీరా ఆ స్కూలు రికార్డుల్లో ఆవిడ పేరే లేదు, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టం అన్నారంట. ఫారం చించేసి వెళ్ళిపోయింది, పది రూపాయలు నేను తీసుకోలేదు.

ఫిబ్రవరిలో నాకు చేతినిండా పని. కరపత్రాలు ఒకటి కాదు, రకానికో రంగు. ప్రూఫు చదవాలి కాబట్టి ప్రతి అక్షరం చదివాను. సీపీఎస్ (కొత్త పెన్షను పద్ధతి) రద్దు, పీఆర్సీ (జీతాల సవరణ) కమిషను, డీఏ బకాయిలు, సరెండర్ లీవు డబ్బులు, 2003 డీఎస్సీ వాళ్ళకి పాత పెన్షను. అన్నీ న్యాయమే కావచ్చు, వాళ్ళకి రావాల్సిన డబ్బు వాళ్ళు అడుగుతారు, జీతం అడిగితే తప్పా. కానీ ఒక కరపత్రంలో పిల్లలు అనే మాట కోసం వెతికితే చివరి లైన్లో దొరికింది, విద్యార్థుల సమగ్రాభివృద్ధికి కృషి అని, అక్కడ చోటు చాలక ఫాంటు సైజు రెండు పాయింట్లు తగ్గించింది నేనే.

అదే నెలలో ఒకాయన ప్రచారానికి స్కూలుకొచ్చారు, ఇంటర్వెల్లో, స్టాఫ్ రూంలో టీ బిస్కట్లు. నేను బాబుకి మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికెళ్ళి గేటు దగ్గర ఎదురుపడ్డాను. ఆయన వెనకాల ఉన్న కుర్రాడు ఏ స్కూలు మేస్టారూ మీది అని కరపత్రం చేతిలో పెట్టాడు. కాదు బాబూ నేను పేరెంటుని, లెక్కలకి మేస్టారు లేరు, సారుతో రెండు నిమిషాలు అన్నాను. ఓహో అని కరపత్రం వెనక్కి తీసుకున్నాడు. నా షాపులో కొట్టిందే! కోపం రావాలి గానీ నాకు నవ్వొచ్చింది, ఇప్పటికీ తల్చుకుంటే నవ్వే.

ఇదంతా చదివి వీడు సంఘాలకి వ్యతిరేకి అనుకుంటే పొరపాటు. 2022లో 117 జీవో వచ్చి 3, 4, 5 క్లాసుల్ని తీసుకెళ్ళి హైస్కూళ్ళలో కలిపేశారు కదా, మా చెల్లెలు వాళ్ళ ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లలు మెయిన్ రోడ్డు దాటి నడవాల్సొచ్చింది. అప్పుడు తల్లులు స్కూలు గేటుకి అడ్డంగా కూర్చుంటే వాళ్ళ పక్కన వచ్చి కూర్చున్నది ఈ సంఘాల వాళ్ళే, ఏ పార్టీ వాడూ మొదట్లో రాలేదు. పోస్టులు తగ్గిపోతాయని వాళ్ళ భయం వాళ్ళకుంది, నిజమే, కానీ వాళ్ళ అవసరం మన అవసరం ఒకటైన చోట ఎంత బలం వస్తాదో అక్కడ చూశాను. 2025లో ఆ జీవో పోయింది. ఇంకోటి, 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి బ్రాందీ షాపులు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లకి ఆ షాపుల దగ్గర లైన్లు చూసే డ్యూటీ వేశారు, మేస్టారు టోకెన్లిస్తుంటే అతని దగ్గర చదివినవాడే లైన్లో నించున్నాడు. దాని మీద గొడవ చేయడానికి సంఘం లేకపోతే ఇంకెవరు చేస్తారు? బాత్రూం ఫొటోలు యాపులో పెట్టే పని కూడా అంతే, పాఠం ఆపి ఫొటోలు తీసుకుంటూ తిరిగేవారు.

మా ఆటో అప్పలనాయుడుది (పేరు మార్చాను) ఇదే మాట. సంఘాలు లేకపోతే ఎమ్మెల్యే తాలూకు మనుషులు మేస్టర్లని బంతాడేస్తారు బావూ, కిట్టనోణ్ణి కొండ మీదికి తోలేస్తారు అంటాడు. మా ఆవిడ ఒప్పుకోదు. లక్ష జీతం తీసుకుని ధర్నా చేస్తే మనకేటి, మనం ఎవరి మీద ధర్నా చెయ్యాలి అంటాది. మా కమిటీ చైర్మన్ డ్వాక్రా లీడరు, 2024 ఆగస్టులో ఎన్నికైంది, చదువు అయిదో క్లాసే గానీ మాట కత్తి. చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, ఉన్నాం కూడా, మీటింగులో తీర్మానం ముందే రాసుంటాది, మేం సంతకాలు పెడతాం. "ఆలకి సంగం ఉంది, మనకి సంతకం ఉంది" అంది ఒకసారి బయటికొస్తూ.

లెక్కల మేస్టారు చివరికి 2025 జూన్ బదిలీల్లో వచ్చారు, ఎక్కడో ఎనిమిదేళ్ళు నిండి తప్పనిసరి బదిలీ మీద. మా లెటర్ల వల్ల కాదు. చాలా మంచాయన, విజయనగరం నుంచి రోజూ ట్రైనులో వస్తారు, ట్రైను లేటైతే మొదటి పీరియడు గోవిందా. పాపకి ఎనిమిదో క్లాసు సగం లెక్కలు రాకుండానే తొమ్మిదికి వెళ్ళింది, ఆ గ్యాపు పూడ్చడానికి నెలకి 800 ట్యూషను. ప్రైవేటు ఫీజు తప్పించుకున్నా అని సంబరపడ్డవాణ్ణి.

ఇక లేటెస్టు సంగతి టెట్, టీచర్ల అర్హత పరీక్ష. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది కదా, సర్వీసు అయిదేళ్ళ కన్నా ఎక్కువ మిగిలున్న టీచర్లు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి, అయిదేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొనసాగొచ్చు గానీ ప్రమోషన్ ఉండదని. మర్నాటి నుంచి నా షాపులో ఇదే గోల, సంఘాలన్నీ ఒక్కటయ్యాయి, రివ్యూ పిటిషను, పార్లమెంటులో చట్టం మార్చాలి అని వినతిపత్రాలు. పేరెంట్స్‌లో సగం మంది నవ్వారు, మా పిల్లలకి వారానికో పరీక్ష పెడతారు కదా, ఇప్పుడు తెలుస్తాది అని. నేను నవ్వలేదు, ఎందుకంటే సోషల్ మేస్టారు వచ్చింది నా దగ్గరికే.

52 ఏళ్ళు ఆయనకి. సాయంత్రం ఏడు దాటాక, ఎవరూ లేకుండా చూసుకుని వచ్చారు. పొద్దున్నే టెట్ వద్దు అనే ఫ్లెక్సీ డిజైను ఇచ్చి వెళ్ళిన మనిషి, సాయంత్రం టెట్ అప్లికేషను పెట్టమంటున్నారు. ముందు జాగ్రత్త తమ్ముడూ అన్నారు. కళ్ళజోడు పైకి కిందికి జరుపుకుంటూ ఓటీపీ కోసం ఫోనులో వెతుకుతుంటే కనపడలేదు, మా పాప పక్కనే హోంవర్కు చేసుకుంటోంది, ఇలా ఇవ్వండి సార్ అని తీసుకుని చదివి చెప్పింది. నూటయాభైకి ఎంత రావాలి సార్ అనడిగింది. బీసీలకి 75 అమ్మా అన్నారు. పాస్ మార్కులే కదా సార్, వచ్చేస్తాయి అంది. ఆయన నవ్వారు, ఆ నవ్వులో నాకు లీడరు కనపడలేదు. ఆ అర స్టారు వెనక్కి ఇచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది గానీ ఇవ్వలేదు, ఆ మర్నాడు కూడా ఆయన మీటింగుకే వెళ్ళారు.

వేయొచ్చా అంటే వేయండి. ఆడపిల్లయితే మరీ. కానీ చేర్పించే ముందు బోర్డు మీద ఎంతమంది టీచర్లు అని కాదు, ఏ సబ్జెక్టు ఖాళీ, వచ్చే ఏడాదిలో రిటైరయ్యేదెవరు, సంఘంలో పదవి ఉన్నవాళ్ళు ఏ క్లాసుకి చెప్తారు అనడగండి, హెడ్మాస్టారు దాచరు. ఎలక్షను ఏడాదైతే ఫిబ్రవరి పాఠాలు మీరే చెప్పుకోవాలి. అడ్మిషన్‌కి టీసీ, ఇద్దరి ఆధార్లు, తల్లి బ్యాంకు పాసుబుక్కు పట్టుకెళ్ళండి, జిరాక్సులు గేటు ఎదురుగానే, కాపీ రెండు రూపాయలు.